సంబంధం పనిమీద హగరి ఇసుక దిబ్బల దాకా

హైదరాబాదు నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి ఎడారి లాంటి చోటికి చేరవచ్చునని నాకు ఈ ఎండాకాలం దాకా తెలియదు. అనంతపురం జిల్లాలో హగరి ఏటి పక్కన పెద్ద పెద్ద ఇసుక దిబ్బలున్నాయి. మేం వాటిని చూడాలని పోలేదు. పిల్ల సంబంధం పనిమీద పోయాం. మా అమ్మాయి సునీత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫీజుల లెక్కలు చూస్తుంది. అక్కడే పాఠాలు చెప్పే హరిది ఆ ఇసుక ఊరు. ఇద్దరూ ఇష్టపడ్డారు. అబ్బాయి మంచివాడే. కానీ రోడ్ల మీద చూస్తే ఉద్యమం. రేపు రాష్ట్రం విడిపోతే అతను ఇక్కడ ఉంటాడా, ఊరికి పోతాడా, పోతే మా పిల్ల ఆ ఇసుకలో బతుకుతుందా? ఎవరిని అడిగినా జవాబు లేదు. నేను కూడా ప్రత్యేక రాష్ట్రం కావాలని దిల్‌సుఖ్‌నగర్‌లో దీక్ష టెంటు కింద కూర్చున్నవాణ్ణే. అవుననాలా, కాదనాలా తోచలేదు. వాళ్ళ ఇల్లు చూసి చెబుదామన్నాను.

ఇల్లు చూడబోయేటప్పుడు పిల్లను వెంట తీసుకుపోవడం మాలో రివాజు కాదు. కానీ సునీత వినలేదు. "నాయినా, రేపు ఆడ ఉండాల్సొస్తే ఉండేది నేను. నేను చూడొద్దా?" అంది. సరే రమ్మన్నాను. నేను, నా భార్య యాదమ్మ, సునీత, యాదమ్మ తమ్ముడు నర్సింహ, నలుగురం తయారయ్యాం. ఎల్బీనగర్ చౌరస్తాలో ఏడు సీట్ల బండి కిరాయికి మాట్లాడాను. కిలోమీటరుకు తొమ్మిది రూపాయలు, డ్రైవరు బత్తా వేరు. బంద్ పిలుపు లేని రోజు చూసుకుని తెల్లవారుజామున నాలుగింటికి కదిలాం. సాగర్ రింగ్ రోడ్డు, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా బెంగళూరు రోడ్డు ఎక్కితే ఆ వేళకు ట్రాఫిక్ తగలదు. షాద్‌నగర్ దాటాక తెల్లవారింది. నర్సింహ అప్పుడే మొదలుపెట్టాడు.

"బావా, టెంట్ల కూసున్ననాడు ఏమన్నవ్? గిప్పుడు సీమకు పిల్లనిస్త అంటున్నవ్."

"ఇస్త అన్ననా?"

"మరి ఇయ్య అన్నవా?"

"అదీ అనలే."

డ్రైవరు మల్లేశ్ నవ్వాడు. "పెద్దాయన ఢిల్లోళ్ళ లెక్కనే మాట్లాడుతుండు. ఇస్తమనరు, ఇయ్యమనరు," అన్నాడు.

యాదమ్మకు ఇంకో పరేషాన్. "జర యాదికుంచుకో అయ్యా. మాట ఖాయం గాకముందు ఆళ్ళింట్ల చెయ్యి కడుగకు. మొహమాటానికి కూసున్నవంటే అయిపాయె, పిల్లనిచ్చినట్టే," అని జడ్చర్ల దాకా చెబుతూనే ఉంది. మా వైపు అది పెద్ద పట్టింపు. సంబంధం ఒప్పుకున్నాకే ఆ ఇంట్లో బువ్వ తింటాం. తిన్నామంటే ఒప్పుకున్నట్టే. నోరు తిరగని నాలాంటివాళ్ళకు అది ఒక వీలు కూడా.

తుంగభద్ర బ్రిడ్జి దాటితే సీమ. దానికి ఇవతలే మల్లేశ్ బండి ఆపి, నంబర్ ప్లేటు మీద ఏపీ అక్షరాలు కనపడకుండా అంటించుకున్న టీజీ స్టిక్కర్ గోటితో గీకసాగాడు. "భయమైతుందారా?" అని నర్సింహ ఎకసెక్కం చేశాడు. "నాకెందుకన్నా భయం. బండి అద్దాలకు," అన్నాడు మల్లేశ్. కర్నూలు దాటి, గుత్తి దగ్గర పెద్ద రోడ్డు వదిలి, గుంతకల్లులో టిఫిన్‌కు ఆగాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇవి పేలాలేనా అని వండే ఆమెను అడిగాను.

"బొరుగులు సామీ. నానబెట్టి తిరగమాత వేసేది. మీ తావ చెయ్యరా?"

"చెయ్యరమ్మ."

"మరి పొద్దన్నే ఏం తింటారో పాపం," అని ఆమె నిజంగానే జాలిపడింది.

అక్కడి నుంచి ఉరవకొండ, కణేకల్లు. కణేకల్లు దాటిన కొంతసేపటికి నల్ల నేల పోయి ఇసుక వచ్చింది. చేల మీద ఇసుక, గట్ల మీద ఇసుక. ఒకచోట వేపచెట్టుకు మొదలు లేదు, కొమ్మలే నేలలోంచి మొలిచినట్టున్నాయి. ఇలాంటి చోట బండి తారు మీదే వదలాలట. మాకు తెలియదు. మల్లేశ్ ఊరి దారిలోకి దింపాడు, వెనక చక్రాలు కూరుకుపోయాయి. హరి తండ్రి రామాంజనేయులు గొడుగులు, తడి తువ్వాళ్ళు పట్టుకుని ఎదురొచ్చాడు. హరికి క్లాసులుండి రాలేదు. ఒంటిగంట ఎండలో ఇంటికి నడిచాం. ఇంటి వెనక గోడకు కిటికీ దాకా ఇసుక పేరుకుని ఉంది. యాదమ్మ అది చూసి నా వైపు చూసింది.

కాళ్ళు కడుక్కోగానే పళ్ళేలు వేశారు. జొన్నరొట్టె, వంకాయ కూర, చెనక్కాయల పొడి, పులుసు, ఓళిగలు. వాళ్ళ ఓళిగలే మా బచ్చాలు, అదే బొబ్బట్లు.

"ఎండకు పడి వచ్చినారు. లేయండి, తిందురు," అన్నాడు రామాంజనేయులు.

"ముందు మాట్లాడుకుందం," అన్నాడు నర్సింహ.

"మాట యాడికి పోతాదన్నా. ముందు తినల్ల."

"మాట కానీయుండ్రి. తర్వాత తింటం."

మేం లేవలేదు. ఆయన మాట ఎత్తలేదు. రొట్టెలు చల్లారుతున్నాయి. ఈయన మాట ఎందుకు ఎత్తడో నాకు అర్థం కాలేదు. మేం ఎందుకు తినమో ఆయనకూ అర్థమైనట్టు లేదు. చెప్పేద్దామా అనుకున్నాను. మీ ఇంట్లో తినకూడదని ఎదురుగా ఎట్లా చెప్పేది? ఆయన లేచి లోపలికి పోయాడు. అక్కడ ఆయన భార్య మెల్లగానే అంది, అయినా వినపడింది. "హైదరాబాదోళ్ళకు మన బువ్వ పనికిరాదేమో. పంపించెయ్. పిల్లోనికి నేను చెప్పుకుంటా."

ఆయన బయటికొచ్చాడు. మొహంలో నవ్వు లేదు. "ఇష్టం లేకుంటే బలవంతమేం లేదప్పా. బండి తీపిస్తా, చీకటి పడకముందే పోదురు," అన్నాడు.

"బువ్వ వెట్టి ఒప్పిచ్చుకుందమని చూస్తున్నరు," అని నర్సింహ నా చెవిలో గొణిగి లేచాడు. యాదమ్మ సంచీ తీసుకుంది. సంబంధం అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు గాలి లేచింది. వంటింటి గడప దగ్గర కూర్చున్న సునీత చప్పున పులుసు గిన్నె మీద చున్నీ కప్పింది. పళ్ళేల అంచున పడిన ఇసుకను ఒక్కొక్కటే వేలితో తుడిచింది. ఎవరూ చెప్పలేదు. రోజూ చేసే పనిలా చేసుకుపోతోంది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. నేను చెంబు తీసుకుని చెయ్యి కడిగాను. కూర్చుని రొట్టె తుంచాను.

"అయ్యో, ఏం జేస్తివయ్యా," అంది యాదమ్మ.

కూరలో కొంచెం ఇసుక తగిలింది. ఏం కాదు. నేను సగం తిన్నాక రామాంజనేయులు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "హమ్మయ్య. ఇప్పుడు చెప్పండి, మీ మాటేందో," అన్నాడు.

"ఇంకేం మాట. తిన్నడు గద. మా దిక్కు మాట ఖాయమైతేనే బువ్వ," అన్నాడు నర్సింహ.

"మాలో బువ్వ తిన్నాకే మాట," అన్నాడాయన. యాదమ్మ సంచీ కింద పెట్టింది. తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. "అన్నా, మేం బాధపడతామని మొహమాటానికి తిన్నట్టుంది. దాన్ని పట్టుకుని మీ పిల్లను అడగడం నాయం కాదు. ఇంటికి పోయి ఆలోచన చేసుకోండి. రేపు రాష్ట్రం ఏమైతాదో ఏమో."

"తెలిసే తిన్న," అన్నాను.

ఆయన భార్య వచ్చి నా పళ్ళెంలో ఇంకో ఓళిగ వేసింది. నర్సింహ కూర్చోవడానికి ఇంకా కొంతసేపు పట్టింది.

సాయంత్రం ఐదు దాటాక దిబ్బలెక్కాం. చూడాలంటే అదే వేళ, అంతకుముందు కాళ్ళు కాలుతాయి. కిందటేడు గట్టుకు అవతల పక్కవాళ్ళ చేలో ఉన్న దిబ్బ గాలికి ఇవతలికి వచ్చిందని రామాంజనేయులు చూపించాడు. మరి ఇప్పుడది ఎవరిదని అడిగాను. ఆయనకూ తెలియదు. రాష్ట్రం రావాలనే ఇప్పటికీ నా కోరిక. వస్తే పిల్ల ఇంత దూరం పోతుందేమోనని భయం. ఈ రెండూ ఒక్క మనిషికి ఎట్లా ఉంటాయో నాకు తేలలేదు. పిల్ల మాత్రం చెప్పులు చేత పట్టుకుని దిబ్బ మీద చాలా దూరం పోయింది, పిలిచినా వినపడనంత దూరం. చివరగా ఒక్క మాట. మీరూ ఏదైనా దూరపు ఊరికి సంబంధం చూడబోతే, ముందు రోజే ఫోన్ చేసి అడగండి, మీలో ముందు బువ్వనా, ముందు మాటనా అని. మేం అడగలేదు.