మేడమ్‌కు చెప్పిన పాఠాలు

మా ఆయన రియాద్‌లో ఒక ఇంటి డ్రైవర్. ఆ ఇంటి మేడమ్‌ను ఆఫీసుకు, వాళ్ల అమ్మను దవాఖానకు, పిల్లల్ని బడికి తిప్పడం ఆయన పని. ఆ దేశంలో ఆడవాళ్లు బండి నడపకూడదు కాబట్టే గోదావరిఖనిలో మా ఇంట్లో పొయ్యి వెలిగేది. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, నిజం అది. ఇక నుంచి ఆడవాళ్లూ నడపొచ్చని అక్కడి రాజు ఒప్పుకున్నట్టు టీవీలో వచ్చిన రోజు మా గల్లీ అంతా నా మొహమే చూసింది. నాకు మాత్రం ముందు సంతోషమే కలిగింది. ఆయన ఉద్యోగం సంగతి తర్వాత గుర్తొచ్చింది.

అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజే ఫోన్ చేసేవాడు. ఒక శుక్రవారం గొంతులో గర్వంతో చెప్పాడు: "మేడమ్ నన్నే నేర్పుమన్నది."

"నేర్పినంక నీతోని పనేముంటది?"

"నేను నేర్పకుంటే ఇంకెవలన్న నేర్పుతరు. నేనైతే మంచిగ నేర్పుత."

కూర్చున్న కొమ్మను తానే నరుక్కునేవాళ్లను చూశాను గానీ, ఇంత మురిసిపోతూ నరుక్కునే మనిషిని చూడలేదు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మేడమ్ ముచ్చట్లే. మేడమ్ మొహం మీద ముసుగు తీసేసిందట. ఊళ్లో సినిమా హాళ్లు తెరిచారట. వాళ్లమ్మకు ఇదంతా నచ్చక నెల రోజులు కూతురితో మాట్లాడలేదట. "బండి నడుపుతమని అడిగిన ఆడోళ్లను లోపలేసిన్రు. ఆఖరికి తామే దయ చూపినట్టు ఇచ్చిన్రు" అన్నాడొకసారి. అడిగినవాళ్లు లేకపోతే ఇచ్చేవాళ్లే కాదు అన్నాను. ఆ మాట మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

నా సంగతీ చెప్పాలి. నేను బడి పిల్లల యూనిఫాంలు కుడతాను. దూరాన ఉన్న నస్పూర్, గోలేటి ఊళ్ల బడుల పని కూడా నాకే వచ్చేది. కానీ మూటలతో బస్సెక్కితే కండక్టర్ మొహం చిట్లించేవాడు. బట్టలు రెండుసార్లు ఆలస్యంగా చేరాయి. ఇంకోసారి ఇట్లయితే పని వేరేవాళ్లకు ఇస్తామని గోలేటి బడివాళ్లు చెప్పేశారు. అక్కడ ఆయన ఉద్యోగం పోబోతోంది, ఇక్కడ నా పనీ పోతే ఇల్లు నడిచేదెట్లా? కారు నడపడం నేర్చుకుంటానని అంతకుముందు రెండుసార్లు అడిగాను. ఈసారి ఫోన్‌లో ఆయనను గట్టిగా అడిగాను.

"ఆ రోడ్లు వేరు, మన రోడ్లు వేరు. బొగ్గు టిప్పర్ల నడుమ ఆడోళ్లు బండి నడుపుడేంది? నలుగురు నవ్వుతరు."

ఎదుటివాళ్లకు చెప్పేటందుకే నీతులున్నాయని ఊరికే అనలేదు. కోపంతో ఫోన్ పెట్టేశాను. రాజు ఒప్పుకున్నాడు, నా మొగుడు ఒప్పుకోలేదు.

మరుసటి శుక్రవారం నుంచి మాత్రం కొలతల నోటుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. మేడమ్‌కు ఏం చెప్పావని అడిగేదాన్ని. మలుపు దగ్గర చూపు ఎక్కడుండాలో, అద్దాలు ఎప్పుడు చూడాలో, ముందు బండికి ఎంత ఎడం ఇవ్వాలో వరుసగా చెప్పేవాడు. వెనక పేజీల్లో అన్నీ రాసుకున్నాను. ఆయనేమో నాకు మేడమ్ మీద ప్రేమ పుట్టిందనుకున్నాడు.

మా అన్నకు పాత కారు ఒకటుంది. డ్యూటీకి బైకు మీదే పోతాడు. "పక్కన కూసుంట గని చెల్లె, నాకు చెప్పుడు రాదు" అన్నాడు. మేడమ్ బండికి క్లచ్ లేదట, అందుకే ఆ ఒక్కటీ అన్న చెప్పాడు. మిగతాదంతా నోటుపుస్తకం చూసే నేర్చుకున్నాను. ఆదివారాలు పొద్దున్నే మైదానంలో గిరగిరా తిరిగాం.

లైసెన్సు పరీక్ష పెద్దపల్లిలో. బండి వెనక్కి తీయమన్నారు. తీసేముందు మూడుసార్లు హారన్ కొట్టాను. ఆఫీసరు పగలబడి నవ్వాడు.

"ఏందమ్మా, డంపర్ మీద పనిచేసినవా?"

అప్పుడు తెలిసింది నాకు. రియాద్ పోకముందు మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్, అంటే మట్టి మోసే పెద్ద లారీ, నడిపాడు. వెనక్కి తీసేముందు మూడు హారన్లు గనిలో పద్ధతి, రోడ్డు మీద కాదు. మేడమ్‌కూ అదే నేర్పాడు, ఆమె కొడితే ఇరుగుపొరుగు తొంగి చూస్తారని నవ్వుతూ చెప్పాడు కూడా. నేనేమో అందరికీ అదే నియమం అనుకున్నాను. "నేను కాదు సార్, డంపర్ నడిపినాయన చెప్పిండు" అన్నాను. ఆఫీసరు నవ్వుతూనే పాస్ చేశాడు.

మేడమ్‌కూ లైసెన్సు వచ్చింది. కొన్ని నెలలకు, ఇక డ్రైవర్ అవసరం లేదని మా ఆయనను మర్యాదగానే పంపేశారు. అప్పటికి గోలేటి బట్టలు అన్న కారులో నేనే వేళకు చేరుస్తున్నాను, ఆయనకు చెప్పలేదంతే. రామగుండం స్టేషన్ బయట కారులో కూర్చుని ఎదురు చూశాను. ఆయన అన్న కారు గుర్తుపట్టి, సామాన్లు వెనక పెట్టి, తానే నడుపుదామని నా వైపు తలుపు తీశాడు. నన్ను చూసి అట్లాగే నిలబడిపోయాడు.

"అటు దిక్కు కూసో" అన్నాను.

కూర్చున్నాడు. టిప్పర్ల నడుమ నుంచి బండిని రోడ్డెక్కించాను. కొంతదూరం పోయాక అడిగాడు: "నీకు ఎవలు నేర్పిన్రు?"

"నువ్వే. శుక్రవారం శుక్రవారం."

రేపు నస్పూర్‌కు బట్టలు చేర్చేదుందన్నాను. చౌరస్తా దాటాక, మూటలు మోయడానికి తానూ వస్తానన్నాడు. రమ్మన్నాను. నడిపేది మాత్రం నేనేనని కూడా చెప్పాను.