బతికుండగానే గోడకెక్కిన అవ్వ

మొన్న బెంగళూరులో ఒక బొమ్మల ప్రదర్శనకు వెళ్తే, గుమ్మం దాటగానే ఫ్రేములకు కొత్తగా పూసిన వార్నిషు వాసన ముక్కుకు తగిలింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఐరోపాలో ఒక యూదు చిత్రకారుడు తన ఊరి దర్జీనీ, రొట్టెలమ్మే ఆమెనూ, ఇరుగుపొరుగునూ ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసిన ముఖాలట. నాకు మాత్రం కన్నడ సీమ అంచున ఉన్న మా తెలుగు ఊరు వల్లూరులో మా అవ్వ గుర్తొచ్చి నవ్వాగలేదు.

కార్తీకంలో చెనక్కాయ చెట్లు కల్లానికి చేరితే ఊరంతా పచ్చిమట్టి వాసన, వీధివీధినా కాయలు విడిపించే ఆడవాళ్ళ కబుర్లు, ఉడికించిన కాయలు ఒళ్ళో పోసుకుని గచ్చకాయలాడే మేము, సంగటిలోకి అవ్వ నూరే వేరుశనగల పచ్చడి, ఊరిబిండి. అట్లాంటి రోజుల్లో బడిగోడ మీద కన్నడ అక్షరాలు రాయడానికి పావగడ నుంచి ఒక పెయింటరు వచ్చాడు. చనిపోయినవాళ్ళ పటాలు కూడా గీస్తాడని తెలిసి, అవ్వ తన బొమ్మ గీయమంది. మా ఇళ్ళల్లో గోడకెక్కేది పోయినవాళ్ళే. నాయన హడలిపోయాడు.

"బతికుండంగానే పటమేంది మా? అరిష్టం!"

"సచ్చినంక గీస్తే నేనెట్ల సూడాల్రా?" అంది అవ్వ.

చేతి అద్దంలో ముక్కలుగా తప్ప తన మొహం ఆమె ఎప్పుడూ నిండుగా చూసుకోలేదు. ఆ ఒక్క కోరిక కోసం సంగటి ముట్టడం మానేసింది. నాయన దిగిరాక తప్పలేదు.

కదలకుండా కూర్చోమంటే ఊరుకునే మనిషా? కాయలు విడిపిస్తూ, పెయింటరు పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీస్తూనే గీయించుకుంది. బొమ్మ చూసి, "ముక్కు అచ్చం మా నాయనదే!" అని మురిసిపోయింది.

కొన్నాళ్ళకు మంగళవాడ నుంచి అవ్వ ఆడబిడ్డ వచ్చింది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. గోడ మీద పటం చూడగానే ఆమె గుమ్మంలోనే కూలబడి, "ఓ వదినా! బంగారంటి మనిషివి, ఇంగ నీ చేతి సంగటి ఎవరు పెడతారే!" అని శోకాలు తీసింది. పెరట్లోంచి వచ్చిన అవ్వ తలుపు చాటున నిలబడి, నోట్లో చెనక్కాయ కూడా నమలకుండా అంతా విని, బయటికొచ్చి, "ఇంగ రొంత ఏడువు మే, బాగుండాది!" అంది. ఆడబిడ్డ కెవ్వుమంది. తర్వాత ఇద్దరూ పొట్టలు పట్టుకుని ఒకటే నవ్వు. ఆ పూట ఇంట్లో పండగలా బెల్లం పూర్ణంతో ఓళిగలు చేశారు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మా చేలల్లో ఇప్పుడు చెనక్కాయ లేదు, కనుచూపుమేర సోలార్ పలకలే. ఆ కబుర్లాడిన ఆడవాళ్ళ మనవరాళ్ళు వాటిని తుడిచే పనికి వెళ్తున్నారు.

తర్వాతి యుద్ధంలో ఆ చిత్రకారుడినీ, ఈ బొమ్మల్లోవాళ్ళలో చాలామందినీ చంపేశారని ప్రదర్శన చూపిస్తున్న అమ్మాయి చెప్పింది. వీళ్ళు తమ బొమ్మలు చూసుకున్నారా అని అడిగాను. చూసుకున్నారట, రంగు ఆరకముందే చుట్టుపక్కలవాళ్ళను పిలిచి చూపించుకునేవారట.

"సూసుకున్నారా? మేలు!" అని మా ఊరి గొంతుతోనే గట్టిగా అనేశాను. హాలంతా తిరిగి చూసింది.