మామ పెట్టిన వాచీ

నాకు పాత వాచీల పిచ్చి. ఆదోనిలో ఎవరింట్లో అటక దులిపినా నాకు కబురొస్తాది. డయల్‌కు మళ్లీ రంగేసినారా, ముళ్లు మార్చినారా, లోపల మిషను ఆ కంపెనీదేనా, అంతా భూతద్దం పెట్టి చూసిగానీ నోరు తెరవను. "పెండ్లిచూపుల్లో నన్ను గూడా ఇంత చూడకపోతివే!" అంటాది నా పెండ్లాం. నేను భూతద్దం జేబులో దాచుకుంటాను. ఆమె చేతి అన్నమే గదా తినాల్సింది.

నా కన్నంతా మా నాయన వాచీ మీదే. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా తాత, అంటే అమ్మవాళ్ల నాయన, పెండ్లిలో పెట్టినాడంట. "మా మామ పెట్టిన వాచీ" అని నాయన కనపడినోళ్లకల్లా చూపిస్తాడు. మొన్న ఎట్లనో బతిమాలి తీసుకొని, వెనక మూత తీసి చూస్తిని. అంతా సక్కగుంది. ఇంగ గోడమీది పెండ్లి ఫోటోతో పోల్చుకుంటే అయిపాయ. దాంట్లో నాయన కోటేసుకొని, వాచీ కనపడేటట్లు చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. దానిమీద భూతద్దం పెడితిని. ఫోటోలో వాచీకి అంకెలుండాయి, నా చేతిలోదానికి ఉత్త గీతలే.

"నాయనా, రిపేరీలో ఎవడో డయల్ మార్చేసినాడు. ఇది అసలుది కాదు" అంటిని.

"ఏందిరా కూసేది? మా మామ దొంగ వాచీ పెట్టినాడంటావా?" అని అన్నం గూడా తినకుండా బయటికి పోయినాడు.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ ఫోటోలో వాచీ స్టూడియోవాళ్లదిరా! కోటూ వాళ్లదే. వచ్చిన ప్రతి పెండ్లికొడుక్కీ అవే తగిలిస్తాండ్రి. కోటు వెనకంతా చినిగి పిన్నీసులు పెట్టింటే, గుచ్చుకుంటాయని మీ నాయన అట్ల నిటారుగా కూర్చున్నాడు."

"మరి తాత పెట్టిన వాచీ ఏమాయ?"

అమ్మ వాకిలి పక్క చూసి గొంతు తగ్గించింది. "ఆ యేడు మగ్గాలు నిలిచిపోయినాయి. పెడతానన్న వాచీ మా నాయన పెట్టలేకపాయ. మీ నాయనే మిల్లు కూలీ కూడబెట్టి ఇది కొనుక్కొని, మామ పెట్టినాడని అందరికీ చెప్పినాడు. మా నాయన ఎదురుగానే అట్ల చెప్పినాడు. నేను చెప్పినానని అనొద్దు."

నాకు ఏడుపొచ్చినంత పనాయ. నాయన తిరిగొస్తూనే ఎదురుపోయి, "తప్పయింది నాయనా, వాచీ అసలుదే" అంటిని.

"కాకుండా యాడికి పోతాది?" అని వాచీ లాక్కొని కట్టుకొని, అన్నానికి కూర్చున్నాడు. "మీ తాత అంగళ్లన్నీ తిరిగి, ఏరి ఏరి తెచ్చినాడురా."

అమ్మ నాయన తట్టలో ఇంగో ముద్ద పెట్టింది.