కొమురెల్లి కాక కేక

కొమురెల్లి కాక సూదికి తప్ప ఈ భూమ్మీద దేనికీ భయపడడు. భూమి కింద అసలే భయపడడు. గనిలో పైకప్పు పెటపెటలాడి అందరూ బయటికి ఉరుకుతుంటే, ఆయన దాని కిందికే వెళ్లి దుంగ నిలబెట్టి వచ్చేవాడు. అంతటి మనిషి దవాఖానలో సూదిని చూసి పెట్టే కేకకు, షిఫ్టు సైరన్ మోగిందనుకుని జనం టిఫిన్ డబ్బాలు పట్టుకుని బయల్దేరేవారని గోదావరిఖనిలో చెప్పుకునేవారు.

కాలనీలో పిల్లలకు టీకాలేసే రోజున ఆయనకు ఏదో ఒక రోగం తప్పకుండా వచ్చేది. దానికి సూది వేయించుకోవాలని పిల్లల కంటే ముందే వరుసలో నిలబడేవాడు.

"అవ్వో, సచ్చిన్నో! నీ కాల్మొక్త సారక్కా, జర మెల్లగ!"

"ఇంకా దూదే పెట్టిన కొమురెల్లన్నా" అనేది నర్సు సారక్క.

పిల్లలు పడీపడీ నవ్వేవారు. పక్కింటి దీప కూడా కళ్లు తుడుచుకుని, "కాక కంటె నేనే నయం" అని చెయ్యి చాపేది.

ఆ కేక దీప మనసులో నాటుకుపోయింది. పెద్ద చదువులు చదివి హైదరాబాద్‌లో ప్రయోగశాలలో చేరింది. ఎందుకని ఎవరడిగినా, "మా కాక కోసం సూది లేని టీకా చెయ్యాలె" అనేది. ఏళ్లు కష్టపడి ఆమె బృందం ముక్కులో కొట్టే ఫ్లూ టీకా తయారుచేసింది. మనుషుల మీద పరీక్షించే వంతు రాగానే, ముందు మా ఊరికే పోదామని పట్టుబట్టింది.

కాలనీ హాలు నిండింది. దీప మైకు పట్టుకుంది. "బొగ్గు బాయిల దిగేటోళ్ల బీడీలు, అగ్గిపెట్టెలు ఎక్కడ తనిఖీ చేస్తరు?"

"బాయి మొగదల్నే, దిగకముందే!" అన్నాడు కాక ముందు కుర్చీలోంచి.

"ఫ్లూ ముక్కుల నుంచే దిగుతది. ఈ మందు ముక్కు కాడనే తనిఖీ పెడ్తది. ఎంతమంచిగ పెడ్తదో చూసేటందుకే ఈ పరీక్ష. ఇష్టమున్నోళ్లే రాండ్రి."

"మా దీప!" అని కాక వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు, అందరికీ తెలిసిందే అయినా.

దీప గొంతు తగ్గించింది. "ఇంకొక్క మాట. మందు కొట్టే ముందు జరంత రక్తం తియ్యాలె. గా పని మాత్రం... సూదితోనే."

"సూది లేదంటివి గదమ్మా!" అంటూ, బొగ్గు పగలగొట్టిన వీరులంతా చెప్పులు వెతుక్కున్నారు. సాయంత్రానికి సరిపడా మంది రాకపోతే బృందం కొత్తగూడెం వెళ్లిపోతుంది. దీపకు ఏడుపొక్కటే తక్కువ.

కాక లేచి వెళ్లి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. సూది దిగింది. ఆయన కిక్కురుమనలేదు.

దీప పరుగున వచ్చింది. "కాకా, నొస్తలేదా?"

"గింత సూదికి నొచ్చుడేంది బిడ్డా."

"మరి గప్పుడు అవ్వో అని గంతగనం ఒర్రేటోనివి?"

"గప్పుడు లైన్ల చిన్నపిల్లలు మీరుండిరి గదా. మీరేడిస్తె నాకు సూడబుద్ధి గాకపోయేది. నేను ఒర్రితె నవ్వేటోళ్లు."

"అయ్యో, నీ భయం జూసే గదా నేను ఈ పని పట్టుకున్న!"

కాక మీసం మెలేశాడు. "అయితె మంచిగనే ఒర్రిన్నన్నట్టు."

అంతలో గుమ్మం దగ్గర సదయ్య కనిపించాడు. కుస్తీల్లో ఎదురులేని సదయ్య చెమటలు కక్కుతూ మెల్లగా జారుకుంటున్నాడు. అతను వెళితే వెనకున్న వాళ్లంతా వెళతారు. కాక దీపకు కన్నుకొట్టి, దూది పెట్టిన చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"అవ్వో, సచ్చిన్నో!"

హాలంతా ఘొల్లుమంది. సదయ్య నవ్వాపుకోలేక వెనక్కి వచ్చి, "నీకంటె నేనే నయం కాకా" అంటూ చొక్కా చెయ్యి మడిచాడు. అతని వెనక వరుస వరండా దాకా సాగింది.

దీప తన మందు చేతిలోకి తీసుకుంది. కాక దర్జాగా ముక్కు పైకెత్తి కూర్చున్నాడు.

"కొట్టు బిడ్డా. మరి దీనికెట్ల ఒర్రాలె?"