మణిశంకర్‌గారి ‘అలాగేనండి’

మణిశంకర్‌గారిని ఎవరేం అడగబోయినా, మాట పూర్తికాకముందే “అలాగేనండి” అనేసేవారు. అది వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన అలవాటు. ఆయన కోనసీమలో అర్చకులు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని జవాబు లేకుండా నిలబెట్టకూడదనేవారు. పని అవుతుందా లేదా అన్నది తర్వాత, ముందు ఆ మనిషి మనసు కుదుటపడాలి.

మణిశంకర్‌గారు రాజమండ్రిలో ఇరవై ఏళ్ళు టైపు నేర్పారు. తర్వాత నేర్చుకునేవాళ్ళు కరువయ్యారు. మిషన్లకు గుడ్డలు కప్పి, నలభై నాలుగో ఏట కంప్యూటర్ సెంటర్లో చేరారు. అక్కడ పాఠం చెప్పే శృతి ఒకప్పుడు ఆయన దగ్గర టైపు నేర్చుకున్న పిల్లే. ఫ్యాను కింద కుర్చీ ఎవరినీ కూర్చోనీయకుండా ఆయన కోసం అట్టేపెట్టేది.

“వెబ్ పేజీకి రెండు వైపులుంటాయి మాస్టారండీ. చూసేవాళ్ళ మిషన్లో నడిచేది వీధి అరుగు అనుకోండి. దూరాన సర్వర్లో ఉండేది కొట్టుగది. అరుగు మీద దింపిన బస్తా కొట్లోకి చేరితేనే పనైనట్టు” అని చెప్పింది.

అరుగు పని ఆయనకు రెండు నెలల్లో పట్టుబడింది. పెట్టెలు, బొత్తాలు, పేరు రాయకపోతే గుర్తుచేసే జావాస్క్రిప్టు, అన్నీ వచ్చాయి. కొట్టుగది కోసం జిరాక్సు పుస్తకం పెట్టుకుని పీహెచ్‌పీ అనే భాషతో ఆరు నెలలు కుస్తీ పట్టారు. రెండూ విడివిడిగా వచ్చాయి గానీ, కలిపితే కలిసేవి కావు. ఒక శనివారం, పెట్టెలో కొట్టిన పేరు వెనక పట్టికలో కనబడింది. ఆయన మార్కండేయస్వామి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, సెంటర్లో అందరికీ ముక్కలు పంచారు.

ఆ ఏడే, రెండువేల మూడులో, గోదావరి పుష్కరాలు. రేవుల్లో తప్పిపోయినవాళ్ళ కోసం ఒక పేజీ చేసిపెట్టమని సేవాసమితి వాళ్ళు అడిగారు. అడగడం పూర్తికాకముందే “అలాగేనండి” అన్నారు. సమితి సత్రంలోనే ఒక కంప్యూటర్ పెట్టుకుని చేశారు; కొట్టుగదీ అదే. వివరాలు రాసి బొత్తం నొక్కగానే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చేది: “అలాగేనండి. మీ వివరాలు అందాయండి.”

శృతి చూసి, “అందిందని సర్వర్ చెప్పాక కదండీ ఈ మాట రావాలి? మీరు నొక్కగానే అనిపించేస్తున్నారు” అంది.

“మనిషి తప్పిపోయి ఏడుస్తుంటారమ్మా. ఈ నెమ్మది నెట్‌లో వాళ్ళని తెల్ల తెర ముందు అంతసేపు కూర్చోబెడతామా? ఎలాగూ అందుతుందిగా.”

“మీ అలాగేనండి జబ్బు కంప్యూటర్‌కి కూడా అంటించారన్నమాట!” అని నవ్వి ఊరుకుంది.

పుష్కరాల రెండోరోజున పోలీసులు ఒకామెను సత్రానికి తెచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, మనసు మాత్రం ఆరేళ్ళది. సత్రంలో వంట చూసే శ్యామలాంబగారు దగ్గర కూర్చోబెట్టుకుని అడిగారు.

“నీ పేరేంటమ్మా?”

“చెల్లి.”

“ఏ ఊరు?”

“మా ఊరే.”

“మీ ఊరంటే ఎక్కడే తల్లీ?”

“మా ఊళ్ళోనే!” ఇంతమాత్రం తెలీదా అన్నట్టు ఆమె నవ్వింది. “మా అన్న వత్తాడు.”

ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. మణిశంకర్‌గారు అదంతా రాసుకున్నారు. రోజూ పొద్దున్నే సంధ్యావందనం ముగించుకొచ్చి, ఒక ఉత్తుత్తి పేరు కొట్టి చూసేవారు. అది చక్కగా పట్టికలోకి చేరేది. బయటి నుంచి మాత్రం ఒక్కటీ లేదు. పల్లెల్లో నెట్ ఎక్కడుంది, అందరూ రేవుల్లో మైకు దగ్గరకే వెళుతున్నారనుకున్నారు.

“ఇంకా ఎవరూ రాయలేదండి” అనేవారు.

“ఇలాంటి పిల్లని వెతికేవాళ్ళే లేరా నాయనా!” అని శ్యామలాంబగారు ఆమె తల దువ్వి, తన జడలోని మల్లెపూలు సగం తుంచి ఆమెకు పెట్టేవారు. ముద్ద పప్పు ఇష్టమని తెలిసి రోజూ విడిగా గిన్నెలో తీసి ఉంచేవారు.

పదకొండోరోజు పొద్దున్న చెల్లి కంచం కడుక్కొస్తానని కుళాయి దగ్గరకు వెళ్ళింది. కడిగిన కంచం గోడకు ఆనించి ఉంది. ఆమె లేదు. రేవులన్నీ తిరిగారు. మైకులో “చెల్లీ” అని పిలిపించారు. ఆ జనంలో ఎంతమంది చెల్లెళ్ళు తిరిగి చూశారో, ఆమె మాత్రం రాలేదు.

పుష్కరాలు ముగిసిన మర్నాడు తుని నుంచి అప్పారావు వచ్చాడు. బెల్లం కొట్లో కాటా వేసే మనిషి. సత్రం గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మా చెల్లి తలుపులమ్మండి. రెండోరోజున రేవులో చెయ్యి జారిపోయిందండి. రెండ్రోజులు ఎతికి, మైకులో పేరు చెప్పించి, ఇంటికెళ్ళి ఇంటర్నెట్లో రాయించానండి. చేతి మీద తేలు ఉంటదని కూడా రాయించాను.”

శ్యామలాంబగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

మణిశంకర్‌గారు పట్టిక తెరిచి చూశారు. “ఎప్పుడు రాయించారు?”

“నాలుగోరోజునండి. అలాగేనండి, అందాయండి అని మీరే అన్నారంట కదా, సెంటరాయన చదివి చెప్పాడు. ఆ తెరకి దణ్ణం ఎట్టుకున్నాను. ఇంత మర్యాదగా చెప్పారంటే పెద్దోళ్ళే చూసుకుంటన్నారు, మళ్ళీ ఎల్లి గాబరా ఎట్టకూడదని, ఫోనొత్తాదని పక్కింటోళ్ళ గుమ్మంలోనే కూకున్నానండి.”

కబురందుకుని శృతి వచ్చింది. ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో తనే ఒక పేరు కొట్టి, తిరిగొచ్చి పట్టికలో వెతికింది. అది లేదు. పేజీలో రాసిన సర్వర్ చిరునామా దగ్గర ఆమె వేలు ఆగింది.

“మాస్టారండీ… నేర్చుకునేటప్పుడు ‘లోకల్‌హోస్ట్’ అని రాశారు కదా, ఈ మిషనే అని. అది మార్చలేదండి. మీరు ఇక్కడ నొక్కితే ఇక్కడికే చేరింది. తునిలో నొక్కితే తునిలో మిషన్ తనలోనే వెతుక్కుంది. దొరకలేదన్న మాట ఆ వెనకే వచ్చే ఉంటుంది. కానీ అందిందన్న మాట చూశాక ఇంకెవరు చూస్తారండి?”

ఆయనకు చెల్లి నవ్వు గుర్తొచ్చింది. మా ఊరంటే మా ఊరే. చెప్పేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియని చిరునామా.

లేచి, జరిగిందంతా తనే అప్పారావుకు చెప్పారు. ఒక్క ముక్క దాచలేదు.

“తొమ్మిది రోజులు ఇక్కడే ఉందాండి?” అన్నాడు అప్పారావు.

“ఉందయ్యా” అన్నారు శ్యామలాంబగారు. “రోజూ మా అన్న వత్తాడు అనేది.”

“అన్నం తిందాండి?”

“పప్పు కలిపి పెట్టేదాన్ని.”

“దానికి పప్పంటే పేణం” అన్నాడతను. కళ్ళు తుడుచుకుని, మణిశంకర్‌గారి వైపు తిరిగాడు. “మీరు కావాలని చేత్తారేంటండీ. ఇంకోసారి రాసి పెట్టండి బాబూ. ఎవరికన్నా కనబడొచ్చు.”

ఈసారి మణిశంకర్‌గారు ‘అలాగేనండి’ అనలేదు. కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టారు. చిరునామా దిద్దారు, నొక్కగానే వచ్చే ఆ మాట తీసేశారు. శృతిని మళ్ళీ ఎదుటి సెంటర్‌కు పంపి అక్కడి నుంచి రాయించారు. ఇక్కడ పట్టిక తెరిచి, అక్షరం అక్షరం పైకి చదివారు. తలుపులమ్మ. తుని. ఎడమ చేతి మీద తేలు.

“ఇప్పుడు అందిందండి” అన్నారు.

ఆయన తర్వాత కడియం నర్సరీలకీ, తణుకు కొట్లకీ చాలా పేజీలు చేశారు. ఎవరేం అడిగినా, “చూసి చెబుతానండి” అనేవారు. కొత్తగా పరిచయమైనవాళ్ళు ముభావపు మనిషి అనుకునేవారు. రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టాక ఆ పాత పట్టిక ఒకసారి తెరిచేవారు. తలుపులమ్మ పేరు వరసలో ‘దొరికారా’ అన్న గడిలో ‘లేదు’ అనే ఉండేది. తుని ఫోను నంబరు పక్కనే ఉండేది.