గుల్ల కాని చెట్టు

చెట్లను పరీక్షించే ఉద్యోగంలో ఉన్న అక్క రాసిన రిపోర్టును పెద్దాఫీసరు మార్చేశాడు. బడి గేటు దగ్గరి చెట్టుకు పట్టిన శిలీంధ్రం బెరడు దాటలేదని ఆమె రాస్తే, గేటు వెడల్పు చేయడం కోసం లోపలంతా కుళ్లిందని దిద్దాడు. చెట్టును కొట్టేశారు. లోపల మాను రాయిలా ఉంది.

అంతకుముందు రోజులు తమ్ముడికి ఇంకా కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. అక్క చెక్కసుత్తితో మానును తట్టి, చెవి ఆనించి వినేది.

"ఏమంటోందక్కా నీ చెట్టు?" అని ఏడిపించేవాడు.

"నీ బుర్రలా గుల్ల కాదంటోందిరా."

చివరిసారి కలిసినప్పుడు ఆమె వేరే ఊళ్లో పనిచేస్తోంది, అప్పటికే మరో చెట్టుకు రిపోర్టు రాసింది.

"దీన్నీ మార్చేస్తారుగా" అన్నాడతను కసిగా.

"మార్చమను. ఆఫీసుకు పంపేముందే వీధివాళ్లందర్నీ కూర్చోబెట్టి చదివి వినిపించాన్రా."