కాళ్లు కోసిన కుర్చీ

మా ఇంటి వెనక తోటలో డబ్బు పెట్టి కొన్న వస్తువు దాదాపు ఏదీ లేదు. కరివేపాకు చెట్టు ఎవరో పారేసిన వాషింగ్ మెషీన్ డ్రమ్ములో పెరుగుతోంది. డ్రమ్ము చుట్టూ చిల్లులుంటాయి కాబట్టి నీళ్లు నిలవవు, వేరు కుళ్లదు అని మా ఆయన కనిపెట్టారు. తోటకూరకి పాత బాత్‌టబ్బు. చిక్కుడు తీగకి పసిపిల్లల మంచం కమ్మీలు. కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో, మా వీధివాళ్లు ఇల్లు మారేటప్పుడు అక్కర్లేని సామాను రోడ్డు పక్కన పెట్టి, మీద "ఫ్రీ" అని కాగితం అంటించి పోతారు. అది కనిపిస్తే చాలు, ఆయన కారు ఆపేవారు.

"మనకేం ఖర్మండీ? తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అనేదాన్ని నేను.

"ఏమైనా అనుకోనీ. నువ్వు ఆ చివర పట్టుకో, డిక్కీలో పెట్టేద్దాం."

వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. శనివారం పొద్దున్నే గరాజ్‌లోంచి రంపం చప్పుడు వినిపించేది, మధ్యాహ్నానికి ఏదో ఒకటి తయారయ్యేది. ఇంటికొచ్చిన స్నేహితులని కాఫీ కూడా తాగనివ్వకుండా వెనక్కి తీసుకెళ్లి చూపించేవారు. ఏ వస్తువునైనా తెచ్చేటప్పుడే అది ఏమవబోతోందో ఆయనకి తెలిసేది. కారులోనే నాకు చెప్పేసేవారు.

ఆయనకి ఇంకా అరవై కూడా రాలేదు, అప్పుడు మొదలైంది. తెచ్చినవి తెచ్చినట్టే గరాజ్‌లో పడి ఉండేవి. చివరికి కారు పెట్టుకునే చోటు లేకుండా పోయింది.

"ఇది దేనికండీ?" అని అడిగితే, "చూద్దాం" అనేవారు.

ఆ మాట ఆయనది కాదు. కానీ ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, అలసిపోతున్నారు అనుకున్నాను. మా అమ్మాయి ఫోన్‌లో, "అమ్మా, డాడ్ సేమ్ స్టోరీ మళ్లీ మళ్లీ చెప్తున్నాడు, ఆర్ యూ నోటిసింగ్?" అంది. నాన్నలందరూ అంతేనే అని నవ్వేశాను.

ఆ వసంతంలో ఒక శనివారం నేను కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి ఆయన గరాజ్‌లో రంపం పట్టుకుని ఉన్నారు. పక్కన ఒక చెక్క కుర్చీ. చేతులున్న, వెడల్పాటి, వసారాలో వేసుకునే రకం. నాలుగు కాళ్లూ మొదలంటా కోసేశారు. "గులాబీ కుండీకి పీటలా బావుంటుంది," అన్నారు. చాలా రోజుల తర్వాత దేనికో చెప్పారని నాకు సంతోషమేసింది. లోపలికెళ్లి టీ పెట్టాను.

టీ మరుగుతుండగా తలుపు కొట్టారు. ఎదురింటి పెద్దావిడ. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. పోస్ట్ తీసుకునేటప్పుడు చెయ్యి ఊపుకోవడం తప్ప పెద్దగా పరిచయం లేదు.

"నా కుర్చీ ఎవరైనా తీసుకెళ్లడం చూశారా? రంగు వేద్దామని డ్రైవ్‌వే మీద పెట్టి, బ్రష్ కోసం లోపలికెళ్లాను. మా ఆయన కూర్చునే కుర్చీ."

ఆవిడ చూపు పక్కనే తెరిచి ఉన్న గరాజ్ వైపు వెళ్లింది. మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, కింద పడి ఉన్న కాళ్లలో ఒకటి తీసి పట్టుకుంది. అరవలేదు. ఆ కాలి మీద పాత రంగుని బొటనవేలితో రుద్దుతూ నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

మా ఆయన ముఖం పాలిపోయింది. "రోడ్డు పక్కన ఉంది. ఫ్రీ అనుకున్నాను," అన్నారు. వెంటనే, "ఒక్క పది నిమిషాలివ్వండి, మళ్లీ అతికించేస్తాను," అన్నారు.

అతికించగలరనే నేనూ అనుకున్నాను. ఇంతకంటే పాడైనవి ఎన్నో బాగుచేశారు. కుర్చీని బోర్లా వేశారు. ఒక కాలు తీసి ఒక మూల పెట్టారు. తీసేసి ఇంకో మూల పెట్టారు. ముందు కాళ్లు పొడుగు, వెనకవి పొట్టి, చూడగానే తెలిసిపోతోంది. ఆయనకి తెలియడం లేదు. రెండు చేతుల్లో రెండు కాళ్లు పట్టుకుని నా వైపు చూశారు. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. స్కూల్ బయట దారి తెలియక నిలబడిన పిల్లాడిలా ఉన్నారు.

ఆవిడ కూడా అది చూసింది. వచ్చి ఆయన చేతుల్లోంచి కాళ్లు తీసుకుని కింద పెట్టింది. "పర్వాలేదు. ఈ రోజు వద్దులెండి," అంది. వెళ్తూ గేటు దగ్గర నా భుజం పట్టుకుని, "డాక్టర్‌కి చూపించారా?" అని అడిగింది.

చూపించాం. జబ్బు పేరు చెప్పారు. వయసుకి చాలా ముందే వచ్చిందన్నారు. నెమ్మదింపజేయగలరట, ఆపలేరట. కార్‌లో వస్తుంటే ఆయన కిటికీలోంచి ఎండిన కొండల్ని చూస్తూ, "మరి ఆ కుర్చీ?" అన్నారు. అదొక్కటే అడిగారు.

అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరం ఫోన్‌లో వీడియోలు చూసి, ఇనుప పట్టీలు తెచ్చి, కాళ్లు బిగించాం. నేను డ్రిల్ పట్టుకోవడం అదే మొదటిసారి. ఆయన పక్కన స్టూల్ మీద కూర్చుని చూశారు. ఒకసారి మాత్రం, "గట్టిగా నొక్కకు, చెక్క చీలిపోతుంది," అన్నారు. మా అమ్మాయి గరాజ్ వెనక్కి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది.

కుర్చీ కొంచెం ఒక పక్కకి ఒరిగే ఉంది. ముగ్గురం మోసుకెళ్లి ఇచ్చాం. ఆవిడ అందులో కూర్చుని, "నిలబడుతోందిగా," అంది. మా ఆయన ఆఫీసు మానేశారు. ఆ ఎండాకాలమంతా నేను ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆవిడ ఆయన్ని పిలిచి తన వసారాలో కూర్చోబెట్టుకునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. మరుసటి ఏడు ఆవిడ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. కుర్చీ కూడా ట్రక్కులో ఎక్కించుకుంది.

రంపాలు, డ్రిల్ నేనే ఎవరికో ఇచ్చేశాను, ఆయన చేతులకి అందకుండా ఉండాలని. కొన్నాళ్లు గరాజ్‌లోకెళ్లి ఖాళీ గోడ ముందు నిలబడేవారు. తర్వాత అదీ మానేశారు. ఉద్యోగం మానేసి నేను ఇంట్లోనే ఉంటున్నాను. స్నానం చేయించడం, అన్నం కలిపి పెట్టడం, గొళ్లేలన్నీ వేశానో లేదో చూసుకోవడం. స్నేహితులు మొదట్లో వారం వారం వచ్చేవాళ్లు. ఇప్పుడు పండగలకి ఫోన్ చేస్తారు. వాళ్లనీ అనడానికి లేదు. ఏం మాట్లాడాలో వాళ్లకీ తెలియదు.

మొన్న మధ్యాహ్నం హాల్లో కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను. ఆయన సోఫాలో నా ఎదురుగా ఉన్నారు. నా చేతిలో ఆయన చొక్కాని చాలాసేపు చూశారు.

"మీవారిదాండీ?" అన్నారు.

పెళ్లయిన దగ్గర్నుంచి నన్ను నువ్వు అనే పిలిచిన మనిషి. గొంతులో కొత్తవాళ్ల ఇంటికొచ్చిన మర్యాద.

"అవునండీ," అన్నాను.

"ఇంట్లో లేరా?"

"బయటికెళ్లారు."

ఆయన తలుపు వైపు చూశారు. కాళ్లు దగ్గరికి తీసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, సర్దుకు కూర్చున్నారు.

"వచ్చేదాకా ఇక్కడ కూర్చోవచ్చాండీ?"

"కూర్చోండి," అని చెప్పి, ఇంకో చొక్కా తీసుకున్నాను.